రాగి బాయిలరూ, కొత్త గీజరూ

కార్తీకమాసం చివరి సోమవారం తెల్లవారుజామున మా ఇంటి గీజరు కింద నీటిచుక్కలు పడ్డం మొదలుపెట్టాయి. మొదట చెంబు పెట్టాను. మధ్యాహ్నానికి చెంబు చాలక గిన్నె పెట్టాను. రాత్రికి బకెట్టు వచ్చింది. మర్నాడు ఎలక్ట్రీషియను వచ్చి, పై డొక్కు విప్పి చూసి, "లోపల ట్యాంకే చిల్లిపడిందమ్మా, ఇక దీనికి వైద్యం లేదు" అని చెప్పి, దాని స్విచ్చి కట్టేసి వెళ్ళిపోయాడు. 13 ఏళ్ళు పనిచేసింది లెండి, పాపం. దాన్ని అనడానికేం లేదు.

గీజరు పోవడం మహా కష్టమేమీ కాదు. అసలు కష్టం కొత్తది కొనాలనుకున్న తరవాత మొదలవుతుంది. ఇంట్లో ఎంతమంది వుంటే అన్ని సలహాలు, పైగా ఇరుగుపొరుగులవి కొసరు.

మావారు ఆ సాయంత్రమే బజారుకి వెళ్ళి వచ్చారు. "25 లీటర్లది, 5 నక్షత్రాలది, 10,500 చెప్పాడు. మన పాతది కరెంటు తాగేస్తూ వుండేదిట. కొత్తది కొంటే రెండేళ్ళలో దాని ధర అదే రాబట్టుకుంటుందిట" అన్నారు. దుకాణాల్లో విన్న మాటల్ని మగవాళ్ళు ఎంత నమ్మకంగా మోసుకొస్తారో మీకు తెలియనిదా!

మా అబ్బాయి, "సూర్యుడు వూరికే ఇస్తూంటే కరెంటెందుకమ్మా? మేడమీద సోలారు పెట్టేద్దాం" అన్నాడు. పక్కింటి పిన్నిగారు గోడమీంచి, "గ్యాసుది పెట్టించమ్మాయ్. తిప్పడం తడవు, వేడినీళ్ళు!" అన్నారు.

మా అత్తయ్యగారు అందరూ చెప్పేదాకా ఆగి, "పెరట్లో రాగి బాయిలరు వుండగా వేలకు వేలు పొయ్యడం ఎందుకే?" అన్నారు.

ఈ కాలపు పిల్లలు చూసివుండరు కనక చెబుతాను. రాగి బాయిలరంటే నిలువుగా, డ్రమ్ములాగా వుంటుంది. నడుమ ఒక గొట్టం. ఆ గొట్టంలో పుల్లలూ, బొగ్గులూ, కొబ్బరి డొక్కలూ వేసి అంటిస్తే, చుట్టూ వున్న నీళ్ళు కాగుతాయి. బూడిద కిందికి రాలుతుంది. పక్కన వున్న కుళాయి తిప్పితే పొగలు కక్కే నీళ్ళు. పైన ఎంత చల్లనీళ్ళు పోస్తే కింద అంత వేడినీళ్ళు. అత్తయ్యగారు కాపరానికి వచ్చిన కొత్తల్లో కొన్నది. పండగకి పండగకి చింతపండు పెట్టి తోమితే బంగారంలాగా మెరిసేది. ఇప్పుడు పెరట్లో రేకుల కింద, ఆకుపచ్చటి చిలుము పట్టి కూర్చుని వుంది.

ఇన్ని సలహాలూ విన్నాక నేను చేసే పని ఒకటే అని ఈ శీర్షిక చదివేవాళ్ళకి తెలుసు. పద్దుల పుస్తకం తీశాను.

నా పద్ధతి ఏమిటంటే, వస్తువు ధర దగ్గర మొదలుపెట్టకూడదు. అవసరం దగ్గర మొదలుపెట్టాలి. మనకి కావలసింది గీజరు కాదు, వేడినీళ్ళు. ఎన్ని వేడినీళ్ళు? ఎవరికి? ఏడాదిలో ఎన్నాళ్ళు?

గీజరు లేని ఆ పది రోజులూ పొయ్యి మీద గిన్నెలు పెట్టి నీళ్ళు కాచుకుంటున్నాం. అంచేత లెక్క తేలిక అనుకున్నాను. పుస్తకంలో "మనుషులు 4" అని రాశాను. పక్కన రోజుకి ఎన్ని గిన్నెలు కాగాయో రాయబోయి ఆగిపోయాను. మూడే! మావారికొకటి, అబ్బాయికొకటి, నాకొకటి. నాలుగోది నేను ఎప్పుడూ దింపిన గుర్తు లేదు.

అత్తయ్యగారిని అడిగాను. "నా స్నానం ఎప్పుడో అయిపోతుందిగా" అన్నారు. అవును, ఆవిడ అయిదింటికే లేస్తారు. నేను లేచేసరికి జపమాల పట్టుకుని కూర్చుని వుంటారు. ఏ నీళ్ళతో స్నానం చేస్తున్నారో పది రోజులై నేను అడగనే లేదు. ఆవిడకి 79 ఏళ్ళు. మార్గశిరం చలి. మూడు రోజులై దగ్గు వినపడుతూనే వుంది.

"చన్నీళ్ళేనా అత్తయ్యా?" అన్నాను.

"గిన్నె దింపలేను కదమ్మా. నిద్రలేపి అడగడం ఎందుకని" అన్నారు.

ఇంకా కొంచెం గుచ్చి అడిగితే మరో సంగతి బయటపడింది. గీజరు బాగున్నప్పుడు కూడా ఆవిడ దాన్ని వేసేవారు కాదుట. స్విచ్చి తలుపు పైన, ఆవిడకి అందనంత ఎత్తున వుంది. రాత్రి ఎవరైనా ఆపడం మరిచిపోతే ఆ మిగిలిన వేడినీళ్ళు ఆవిడవి. లేకపోతే చన్నీళ్ళు. బిల్లు తక్కువ వచ్చిందని ప్రతి నెలా నేను సంతోషిస్తూ వచ్చాను. ఆ తక్కువ ఎక్కణ్ణించి వచ్చిందో పద్దుల పుస్తకానికి తెలియలేదు. నాకూ తెలియలేదు.

సరే. ఆ రోజు నుంచీ నాలుగో గిన్నె కాగింది. అప్పుడు మళ్ళీ లెక్క మొదలుపెట్టాను. కాగితం, పెన్సిలు తీసుకుని మీరూ నాతో రండి. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు.

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి ఒక కిలో కేలరీ వేడి కావాలి. ఒక యూనిట్ కరెంటులో 860 కిలో కేలరీల వేడి వుంది. మా గుంటూరులో చలికాలం ట్యాంకు నీళ్ళు 24 డిగ్రీలనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు చాలు. అంటే 16 డిగ్రీలు పెంచాలి. 20 లీటర్ల బకెట్టుకి 320 కిలో కేలరీలు. అంటే ఒక యూనిట్‌లో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. నాలుగు బకెట్లకి యూనిట్‌న్నర.

ఇక యూనిట్ ధర. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటి కరెంటు ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది. అంచేత బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి సగటు చూసుకుంటే మోసపోతాం. గీజరు కరెంటు వున్న వాడకం మీద అదనంగా వచ్చి చేరేది కనక అది పై మెట్టు ధరకే పడుతుంది. మీ బిల్లు తీసి ఆఖరి మెట్టు ధర ఎంతో చూడండి. లెక్క తేలికగా వుండటానికి నేను 8 రూపాయలు వేసుకున్నాను. రోజుకి 12 రూపాయలు. చలికాలం 120 రోజులకి 1,440 రూపాయలు. తక్కిన నెలల్లో వేడినీళ్ళు అత్తయ్యగారికి మాత్రమే కావాలి, అదీ గోరువెచ్చగా. దానికి మరో 500. మొత్తం మీద ఏడాదికి 2,000 రూపాయల లోపు.

చూశారా? మా ఇంట్లో వేడినీళ్ళ వ్యవహారమంతా ఏడాదికి 2,000. ఏ వస్తువు కొన్నా అది ఆదా చెయ్యగలిగేది ఈ 2,000 లోంచే. ఈ అంకె చేతిలో పెట్టుకుంటే ఇక ఎవరు ఏం చెప్పినా మనం బెదరక్కర్లేదు.

ముందు దుకాణదారు మాట చూద్దాం. పాత గీజరు కరెంటు తాగేస్తుందా? కరెంటు కాయిలు నీళ్ళలో మునిగి వుంటుంది. అది తిన్న కరెంటంతా వేడయి నీళ్ళలోకే పోతుంది. పాతదైనా అంతే, కొత్తదైనా అంతే. కాయిలుకి ఉప్పు పేరుకుంటే అది వేడెక్కి తొందరగా కాలిపోతుంది గాని, కరెంటు రెట్టింపు తినదు. మరి తేడా ఎక్కడంటే, కాగిన నీళ్ళు ట్యాంకులో నిలవ వున్నప్పుడు గోడల్లోంచి వేడి కారిపోవడంలో. 2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టం కింద ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారి నక్షత్రాల చీటీ ప్రధానంగా చెప్పేది ఈ సంగతే. 24 గంటల్లో ఎన్ని యూనిట్ల వేడి వృథాగా పోతుందో దానిమీద రాసి వుంటుంది. ఈసారి కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టడంతో ఆపకుండా ఆ అంకె కూడా చదవండి.

మా పాతదాన్ని రోజంతా ఆపకుండా వుంచితే ఒక యూనిట్ పోతుందనుకుందాం. కొత్తది అందులో సగం ఆదా చేస్తుందనుకుందాం. రోజుకి 4 రూపాయలు. 120 రోజులకి 480. 10,500 పెట్టి కొన్నది ఏడాదికి 480 చొప్పున తన ధర రాబట్టుకోవాలంటే దాదాపు 22 ఏళ్ళు పడుతుంది! అంతకాలం ఏ గీజరు బతుకుతుంది చెప్పండి? పైగా, స్నానానికి అరగంట ముందు వేసి, అవగానే ఆపేసే ఇంట్లో ఆ 480 కూడా మిగలదు. ఈ లెక్క మావారికి చూపిస్తే కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. తరవాత పేపరు చదువుకున్నారు.

అంచేత నేను చెప్పేదేమిటంటే, బాగా పనిచేస్తున్న గీజరుని "ఆదా" కోసం మార్చకండి. పాడైనప్పుడు కూడా పాడైంది ఏమిటో తెలుసుకుని మార్చండి. నీళ్ళు కాగడం లేదంటే కాయిలో, థర్మోస్టాటో పోయి వుంటుంది. అవి మార్చుకోవచ్చు. పక్కనున్న వాల్వులోంచి కాగేటప్పుడు నాలుగు చుక్కలు పడితే భయం లేదు. వేడెక్కిన నీరు పెరుగుతుంది, ఆ ఒత్తిడి అలా పోతుంది. ఎప్పుడూ కారుతూ వుంటే వాల్వు మార్పించండి. కాయిలు బిగించిన చోట కారితే రబ్బరు వాషరు మార్చాలి. కాని, తుప్పునీళ్ళు వస్తూ, డొక్కు లోపలినుంచి కారుతూంటే ట్యాంకు చిల్లిపడిందన్నమాట. అతుకులు వేయించకండి, నిలవదు. అదే మా గీజరు సంగతి.

బోరు నీళ్ళు ఉప్పగా వుండే చోట ఇంకొక జాగ్రత్త. చాలా గీజర్లలో మెగ్నీషియం కడ్డీ ఒకటి వుంటుంది. ట్యాంకుని తినవలసిన తుప్పు ముందు దాన్ని తింటుంది. అది అరిగిపోయాక ట్యాంకు వంతు. ఏడాదికో రెండేళ్ళకో విప్పించి చూసి, అరిగితే మార్పిస్తే ట్యాంకు ఆయుష్షు పెరుగుతుంది. 13 ఏళ్ళలో మేము ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడు చెప్పుకుని ఏం లాభం!

ఇక పిన్నిగారి గ్యాసు గీజరు. దీనికి ఖర్చు లెక్క వెయ్యను. స్నానాలగది లోపల గ్యాసు గీజరు పెట్టడం అనే మాటే వద్దు. తలుపులు మూసిన చిన్న గదిలో గ్యాసు మండితే గాలి చాలదు. గాలి చాలక మండినప్పుడు కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్ర వచ్చినట్టు వుంటుంది, అంతే. అలా స్నానానికి వెళ్ళి తిరిగి రానివాళ్ళ వార్తలు చలికాలంలో పేపర్లలో చూస్తూనే వున్నాం. తప్పదనుకునేవాళ్ళు దాన్ని గది బయట, ఆరుబయట గోడకి పెట్టించి నీళ్ళ గొట్టం మాత్రమే లోపలికి తెచ్చుకోవాలి. పిన్నిగారిది లోపలే వుంది. ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పాను. మొదట నొచ్చుకున్నారు. మర్నాడు వాళ్ళ అబ్బాయి వచ్చి, బయటికి మార్పిస్తున్నామని చెప్పి వెళ్ళాడు. ఈ వారం నేను రాసినదాంట్లో ఇంకేదీ గుర్తుండకపోయినా ఫరవాలేదు, ఇది ఒక్కటి మరిచిపోకండి.

సోలారు మీద మావాడికున్న ప్రేమని కాదనలేను. 100 లీటర్లది, గొట్టాలూ బిగింపూ కలిపి 32,000 అన్నారు. 15 ఏళ్ళు వస్తుందనుకుంటే ఏడాదికి 2,130. మా ఉప్పునీళ్ళకి శుభ్రం చేయించడానికీ, పగిలిన గొట్టాలకీ ఏడాదికి 800. మబ్బు రోజుల్లో కరెంటుకి 300. మొత్తం ఏడాదికి 3,250 దాకా.

15 లీటర్ల గీజరు 8,400. వాల్వూ, గొట్టాలూ, బిగింపూ 1,100. స్విచ్చి మార్చి కొత్త 16 ఆంపియర్ల ప్లగ్గూ, వైరూ, షాకు కొట్టకముందే కరెంటు కట్టేసే ట్రిప్పరూ పెట్టడానికి 2,500. మొత్తం 12,000. పదేళ్ళు వస్తుందనుకుంటే ఏడాదికి 1,200. కరెంటు 2,000. వెరసి 3,200.

రెండూ సరిసమానం! మేడమీద నుంచి కింది గదికి పొడుగాటి గొట్టం, అందులో చల్లారిన నీళ్ళు ముందు బకెట్టు నిండా పారబొయ్యాలి. మేడెక్కి చూసేవాళ్ళు లేరు. అందుకని మేము గీజరుకే వోటు వేశాం. కాని, మీ లెక్క వేరుగా వుండొచ్చు సుమండీ. మదనపల్లి, బెంగుళూరు లాంటి చల్లటి వూళ్ళలో నలుగురికీ ఏడాది పొడుగునా వేడినీళ్ళు కావాలంటే కరెంటుకే 4,380 అవుతుంది. గీజరు వంతు కలిపితే 5,580. అక్కడ సోలారుదే గెలుపు. అదే వస్తువు ఒక ఇంట్లో దుబారా, ఇంకో ఇంట్లో పొదుపు.

25 లీటర్లది కాక 15 లీటర్లదే ఎందుకంటారా? 15 లీటర్ల నీరు 60 డిగ్రీలకి కాగితే, చల్లనీళ్ళు కలుపుకున్నాక 40 డిగ్రీల నీళ్ళు దాదాపు 34 లీటర్లు అవుతాయి. అంటే బకెట్టున్నర పైన. 2 కిలోవాట్లది 20 నిమిషాల్లో మళ్ళీ కాస్తుంది. నలుగురం ఒకేసారి స్నానం చెయ్యం కదా! 2,100 మిగిలింది. ఆ డబ్బుతోనే స్విచ్చి పని చాలావరకు గడిచింది.

ఆ స్విచ్చి సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యం. గది బయట, అత్తయ్యగారి భుజం ఎత్తున పెట్టించాను. వేస్తే ఎర్రదీపం వెలుగుతుంది. కాగిందీ లేనిదీ ఆవిడే చూసుకుంటారు. 60 డిగ్రీల నీళ్ళు ముసలివాళ్ళ పల్చటి చర్మాన్ని కొద్ది సెకన్లలోనే కాల్చేస్తాయి కనక, ముందు చల్లనీళ్ళు పట్టుకుని తరవాత వేడినీళ్ళు కలుపుకోవాలని ఇంట్లో నియమం పెట్టాం. ఆవిడ నవ్వి, "నాకు నేర్పుతున్నావుటే" అన్నారు.

ఇక రాగి బాయిలరు మిగిలింది. దాన్ని అమ్మితే పెట్టుబడిలో కొంత వస్తుందని మావారు అన్నారు. నాకూ, అబ్బాయికీ ప్రాణం వొప్పలేదు. మావాడు దాన్ని తోమించి హాల్లో పెట్టి పూలమొక్క పెడతానన్నాడు. అత్తయ్యగారి జ్ఞాపకం కదా, ఆవిడ మనసు కష్టపడుతుందేమోనని నేను వెనకాడాను.

ఆవిడ మాత్రం, "అమ్మెయ్యండి" అన్నారు.

"అదేమిటత్తయ్యా? అదుండగా కొత్తది ఎందుకని మీరేగా అన్నారు!"

"ఖర్చని అన్నాను. ముప్ఫై ఏళ్ళు నాలుగింటికి లేచి దాని ముందు కూర్చుని వూదాను. తడిపుల్లలు, పొగ. అందరి స్నానాలూ అయ్యాక నా వంతుకి నిప్పు ఆరిపోయేది. దాన్ని హాల్లో పెట్టుకుని నేను చూస్తూ కూర్చోవాలా?" అన్నారు.

మేమెవ్వరం దాన్ని ఒక్కరోజు కూడా అంటించిన వాళ్ళం కాదు. అందుకే మాకు అంత ముద్దొచ్చింది కాబోలు.

అమ్మేశాం. ఆ డబ్బు ఆవిడ చేతిలోనే పెట్టాను. ఏం చేసుకున్నారో నేను అడగలేదు. నెలాఖరుకి బిల్లు వచ్చింది. నేను వేసినదానికంటే 60 రూపాయలు ఎక్కువే వుంది. ఎందుకా అని ఆలోచిస్తే, అయిదింటికి రోజూ ఎర్రదీపం వెలుగుతోంది. కొన్నాళ్ళు రెండు బకెట్లు పోసుకుంటున్నారు కాబోలు. దగ్గు కూడా తగ్గింది. ఆ 60 రూపాయలూ పుస్తకంలో ఎక్కడ రాయాలో తెలియక, "వేడినీళ్ళు" అని విడిగా ఒక పద్దు తెరిచి రాసుకున్నాను.

మీ ఇంట్లో కూడా ఒకసారి మనుషుల్ని లెక్కపెట్టి, తరవాత గిన్నెల్ని లెక్కపెట్టండి. రెండూ సరిపోతే సంతోషం. సరిపోకపోతే, ముందు ఆ తేడా తీర్చి, ఆ తరవాత బజారుకి వెళ్ళండి.

వచ్చే వారం ఉప్పునీళ్ళకి బిందెలూ, కుళాయిలూ పట్టే తెల్లటి పొర గురించి మాట్లాడుకుందాం.